గడియారం ఎవరి కుడిపక్కన

రేపల్లె నుంచి నసీమా ఫోన్ చేసినప్పుడు నేను ఆ ఫోన్లోనే చదరంగం చూస్తున్నాను. ప్రపంచంలో మొదటి వరసలో ఉన్న ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు ఎక్కడో చలిదేశంలో కూర్చుని మూడు నిమిషాల ఆటలు వరసపెట్టి ఆడుతున్నారు. ఇద్దరికీ పడదని లోకమంతా చెప్పుకుంటుంది. ఒకతను ఓడిపోగానే పావుల్ని చేత్తో చిమ్మేసి లేచిపోయాడు. రెండో అతను కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూస్తూ నవ్వాడు. కాసేపటికి మళ్ళీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, ఏమీ జరగనట్టు. నాకు అది భలే నచ్చింది. మావారు మాత్రం పక్కగదిలోంచి, బాపట్లలో రిటైరైన టీచరమ్మలందరూ సీరియళ్లు చూస్తుంటే నీకిదేం పిచ్చి అన్నారు. చదరంగంలో గుర్రం కూడా తిన్నగానే నడుస్తుందని ఆయన నమ్మకం. పెళ్లైన కొత్తలో ఒకసారి చెప్పి చూశాను, తర్వాత వదిలేశాను. సరిగ్గా అప్పుడే ఆట మాయమై తెర మీద నసీమా పేరు వచ్చింది.

నసీమా మా గౌసు మావయ్య కూతురు. నాకంటే చిన్నది. రేపల్లెలో తండ్రి కళ్లద్దాల కొట్టు నడుపుతూ తండ్రినీ చూసుకుంటోంది. క్షేమసమాచారాలేవీ అడక్కుండా అసలు సంగతికి వచ్చేసింది. "అక్కా, నాన్న గడియారానికి కీ ఇయ్యలేకపోతున్నాడు. చేతులు వణికిపోతున్నాయి. నన్నేమో ముట్టుకోనియ్యట్లేదు. నిన్నొకసారి రమ్మంటన్నాడు." ఏ గడియారం అని నేను అడగలేదు. మా రెండిళ్లలోనూ గడియారం అంటే ఒకటే. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. మళ్ళీ ఆట పెట్టి చూద్దామంటే మనసు అక్కడ నిలవలేదు, తెనాలి వెళ్లిపోయింది.

తెనాలిలో మా ఇల్లు చెంచుపేటలో ఉండేది. నాన్న పేరు దానియేలు, తాలూకా ఆఫీసులో గుమాస్తా. మావయ్య మాకు నెత్తురు చుట్టం కాదు, ఆయన ముస్లిం, మేము లూథరన్లం. కానీ అమ్మను చెల్లెమ్మా అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టాడో గానీ, ఆ ఒక్క పిలుపుతో నాన్నకు బావ అయిపోయాడు, నాకు మావయ్య అయిపోయాడు. బావలన్నాక ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. ఇద్దరూ ఆ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకున్నారు. మా చుట్టుపక్కల ఊళ్లలో చదరంగం ఆడేవాళ్లు చాలామందే ఉండేవాళ్లు గానీ, ఐదు నిమిషాల ఆటలో మాత్రం వీళ్లిద్దరి తర్వాతే ఎవరైనా. ఎక్కడ పోటీ పెట్టినా చివరికి మిగిలేది వీళ్లే. బాపట్లలో ఒక పోటీలో ఎన్నిసార్లు ఆడించినా ఇద్దరూ సమానంగానే తేలారట. పొద్దు వాలిపోతుంటే నిర్వాహకులకు విసుగొచ్చి, బహుమతిగా పెట్టిన జంట గడియారాన్ని ఇద్దరికీ కలిపి ఇచ్చేసి, మీరూ మీరూ తేల్చుకోండి అని షామియానా విప్పుకున్నారట. వాళ్లు తేల్చుకుంటూనే ఉన్నారు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ.

చెక్కపెట్టెలో పక్కపక్కనే రెండు ముఖాలు, పైన రెండు మీటలు, అదీ ఆ గడియారం. ఎత్తు వేసినవాడు తన మీట నొక్కితే తన ముల్లు ఆగిపోయి ఎదుటివాడి ముల్లు కదులుతుంది. పన్నెండు దగ్గర పడుతుంటే చిన్న ఎర్ర జెండా లేస్తుంది, సమయం అయిపోగానే టక్కున పడిపోతుంది. జెండా పడినవాడు ఓడినట్టే, బోర్డు మీద వాడి బలం ఎంతున్నా సరే. ఇద్దరికీ ఒకటే గడియారం కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రం ఆఖరి ఆట ఎవరు గెలిస్తే ఆ వారమంతా గడియారం వాళ్లింట్లో ఉండాలి. నాన్న గెలిచిన వారం అది రేడియో పక్కన కూర్చునేది, అమ్మ దాన్ని చూసి అన్నం వార్చేది. మావయ్య గెలిచిన వారం అమ్మ వీధిలో ఎండ చూసి వార్చేది. ఎవరు గెలిచారని అమ్మ ఎప్పుడూ అడగలేదు. మావయ్య రేపల్లె బండి కోసం స్టేషనుకు బయల్దేరేటప్పుడు గుమ్మంలోంచి ఆయన చేతిసంచీ వంక చూసేది, అంతే. సంచీ బరువుగా వేలాడుతుంటే ఆ రాత్రి నాన్నకు పెరుగు కాస్త ఎక్కువ వేసేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారాలన్నీ ఒక్కలాగే ఉండేవి. పొద్దున్నే గుడి. మా చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రసంగం మొదలుపెడితే రైళ్లు వచ్చీపోయీ కూడా ముగిసేది కాదు. రేపల్లె పాసింజరు వచ్చేసిందని నాన్నకు కూత వినగానే తెలిసిపోయేది. ఇక అక్కడి నుంచి అయ్యగారు ఒక వాక్యం ముగించినప్పుడల్లా నాన్న చెయ్యి బెంచీ చివర చిన్నగా కొట్టేది, మీట నొక్కినట్టు. అమ్మ పక్కవరసలోంచి కళ్లెర్రజేసేది. ఇంటికొచ్చేసరికి మావయ్య మా వరండాలో బోర్డు పరిచి పావులు పేర్చుకుని కూర్చుని ఉండేవాడు, పక్కన తడిగుడ్డలో చుట్టిన కొరమీను. హలాల్ కాని కోడి ఆయన తినడు. ఆయన తిననిది మేమెందుకు తినాలని అమ్మ తీర్మానించేసింది. అందుకని మా పేటంతా ఆదివారం కోడికూర వాసన వస్తుంటే మా ఇంట్లో మాత్రం చేపల పులుసు ఉడికేది. మామిడికాయ దొరికే రోజుల్లో అందులో మామిడి ముక్కలు పడేవి. ఇప్పటికీ ఎక్కడైనా చేపల పులుసు వాసన వస్తే నాకు నాలుక కంటే ముందు చెవులు మేల్కొంటాయి, టకటకమని మీటల చప్పుడు కోసం.

ఆ చప్పుడు మొదలయ్యే ముందు పోట్లాట ఉండేది. చదరంగం రానివాళ్లకు ఈ పోట్లాట వింతగా ఉంటుంది కాబట్టి కాస్త చెప్పాలి. ఎత్తు వేసిన చేత్తోనే మీట నొక్కాలి. గడియారం కుడిపక్కన ఉంటే చెయ్యి అలా వాలితే చాలు. ఎడమపక్కన ఉంటే చెయ్యి బోర్డు మీదుగా అవతలికి పోవాలి. ఐదు నిమిషాల ఆటలో ఆ కాస్త దూరమే ప్రాణం తీస్తుంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నాన్న కుడిపక్క మావయ్యకు ఎడమపక్క. ఇద్దరిదీ కుడిచేతివాటమే. నల్లపావులు వచ్చినవాడు గడియారం ఏ పక్కన పెట్టాలో చెప్పొచ్చని నియమం ఉంది గానీ, మా వరండాలో నియమం చెప్పడం అంటే వాదన మొదలైనట్టు. నాన్న నల్లవి తీసుకుని గడియారం తన కుడిపక్కన పెడితే, మావయ్య అక్కడ ఎండ పడుతోంది, ముల్లు కనపడదు అనేవాడు. మావయ్య నల్లవి తీసుకుని తన కుడిపక్కన పెడితే, అక్కడ బెంచీ కాలు కుంటి, గడియారం ఊగితే వేగం మారుతుంది అని నాన్న అనేవాడు. కళ్లద్దాలమ్మేవాడివి నీకే ముల్లు కనపడకపోతే ఊరి సంగతేంటని నాన్న, నువ్వు రేపల్లె రా బావా నీకే ముందు కళ్లు చూస్తాను అని మావయ్య. అమ్మ పులుసు దించి, పోపు పెట్టి, గిన్నెలు కడిగేసినా మొదటి బంటు కదిలేది కాదు.

నాన్నకు గుడిలో ఉన్న అలవాటే ఇంట్లోనూ ఉండేది. అమ్మతో ఏదైనా వాదనకు దిగితే, తను చెప్పాల్సింది చెప్పేసి బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టేవాడు. తనకు తెలియకుండానే కొట్టేవాడు. అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, "నొక్కారుగా. ఇక నా వంతు" అని తన వాదన మొదలుపెట్టేది. నాకు ఊహ తెలిశాక విన్న దాంపత్య సంభాషణల్లో అంత పద్ధతిగా సాగింది మరొకటి లేదు.

అలాంటి నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆఫీసులో కుర్చీలోంచి లేవబోయి పడిపోయాడు. గుంటూరు తీసుకెళ్లారు, ప్రాణం దక్కింది, మాట కొంచెం ముద్దగానైనా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఇంటికి తెచ్చి వరండాలో నులకమంచం వేసి పడుకోబెట్టాం. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆ చేతిని పట్టుకుని నిమిరేవాళ్లు, అయ్యో అనేవాళ్లు. నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. అందరూ చేతి గురించి బాధపడుతుంటే అమ్మకు వేరే భయం పట్టుకుంది. నాన్న వాదించడం మానేశాడు. కూరలో ఉప్పెక్కువైందా అంటే అవును అనేవాడు, సరిపోయిందా అంటే దానికీ అవును అనేవాడు. అమ్మ కావాలని ఆయనకు గిట్టనివాళ్లను పొగిడి చూసింది, గుడి పెద్దల్ని వెనకేసుకొచ్చి చూసింది. అన్నిటికీ నీ ఇష్టం రూతూ అనేవాడు. ఒకరోజు వంటింట్లో అమ్మ నా భుజం మీద తల పెట్టి, మనిషి బతికాడు గానీ లోపల దీపం ఆరిపోతోందే సుశీలా, నాకు ఈయన కావాలే అని ఏడ్చింది. అమ్మ ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

నాన్న పడిపోయిన వారం గడియారం రేపల్లెలో ఉంది, అంతకుముందు ఆదివారం మావయ్య గెలిచాడు కాబట్టి. ఆస్పత్రికి ఉత్తచేతులతో వచ్చిపోయేవాడు. ఇంటికి తెచ్చాక వచ్చిన మొదటి ఆదివారం మాత్రం ఎప్పటిలాగే ఒక చేత్తో కొరమీను, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని దిగాడు. చేప ఇవ్వడానికి వంటింటి గుమ్మం దాకా వచ్చినప్పుడు అమ్మ గొంతు తగ్గించి, "అన్నయ్యా, ఈ ఒక్కసారికి ఓడిపోండి. మీకు దణ్ణం పెడతాను" అంది.

మావయ్య చేప ఆమె చేతికి అందించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బావకి తెలిసిపోద్దమ్మా. తెలిస్తే ఇంకెప్పుడూ ఆడడు."

అమ్మకు కోపం వచ్చింది. మీ ఆటలు మీరూ అని చేప విసురుగా గిన్నెలో పడేసింది. మావయ్య వెళ్లి మంచం పక్కన స్టూలు మీద బోర్డు పరిచాడు. నాన్న గోడవైపు నుంచి తిరగలేదు. ఆడలేను బావా అన్నాడు. మావయ్య అదేమీ విననట్టు పావులు పేర్చి, తెల్లవి నాన్నవైపు పెట్టి, గడియారం దించి స్టూలుకు ఒక పక్కన పెట్టాడు. చెక్కకు చెక్క తగిలిన చప్పుడుకు నాన్న తల తిప్పి చూశాడు. గడియారం తన ఎడమచేతికి అందేట్టు ఉంది. నాన్న మొహం గట్టిపడిపోయింది.

"ఆ పక్కన పెట్టావేంటి? జాలా?"

"జాలేంటి బావా? నల్లవి నావి. నా కుడిపక్కన పెట్టుకున్నాను. ఇన్నేళ్లుగా ఎక్కడ పెట్టానో చెప్పు."

నాన్న గడియారం వంక, మావయ్య కుడిచేతి వంక, తన ఎడమచేతి వంక చూశాడు. నిజమే. మావయ్య నల్లవి తీసుకున్నప్పుడల్లా గడియారం ఉండే చోటు అదే. బెంచీ కాలు కుంటి అందామంటే అది బెంచీ కాదు. ఎన్నో ఏళ్లుగా ఏ పక్కన పెట్టాలని కొట్టుకున్నారో, ఇప్పుడు ఇద్దరికీ ఒకే పక్క సరిపోతోంది. అందులో తప్పుపట్టడానికి నాన్నకు ఏమీ దొరకలేదు. అమ్మా నేనూ కలిసి ఆయన్ని దిండ్లకు చేరేసి కూర్చోబెట్టాం. ఎడమచేత్తో రాజు ముందున్న బంటు జరిపి మీట నొక్కాడు.

ఆ ఆట చూడటం కష్టం. ఎడమచెయ్యి నాన్న మాట వినేది కాదు. గుర్రాన్ని ఎత్తబోతే పక్కనున్న శకటు పడేది, దాన్ని నిలబెట్టబోతే బంటు దొర్లేది. పడేసిన పావుల్ని పడేసినవాడే, తన సమయంలోనే నిలబెట్టుకోవాలి. మావయ్య ఒక్క పావును కూడా ముట్టుకోలేదు, చేతులు కట్టుకుని కూర్చుని చూశాడు. కింద పడిన ఏనుగును అందుకోవడానికి నేను వంగబోతే, కూర్చోమన్నట్టు కళ్లతోనే చెప్పాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. జెండా పడింది. నాన్న చెమటలు కక్కుతున్నాడు. అమ్మ అప్పటికే పెరట్లోకి వెళ్లిపోయింది. మావయ్య గడియారం సంచీలో పెట్టుకోబోతుంటే నాన్న ముద్దమాటల్లో, "మళ్ళీ పేర్చు" అన్నాడు. ఆ సాయంత్రం వరసగా ఓడిపోయాడు. గడియారం రేపల్లె వెళ్లిపోయింది. గుమ్మంలోంచి సంచీ వంక చూసి అమ్మ మొహం తిప్పుకుంది. కానీ ఆ రాత్రి పెరుగన్నం తింటూ నాన్న, మూడో ఆటలో గుర్రం వెనక్కి లాగకుండా ఉండాల్సింది అన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అడక్కుండా తనంతట తాను మాతో మాట్లాడటం అదే మొదలు.

అక్కడి నుంచి ప్రతి ఆదివారం అంతే. మావయ్య చేప తెచ్చేవాడు, నాన్నను ఓడించేవాడు, గడియారం పట్టుకుపోయేవాడు. వారమంతా నాన్న ఎడమచేత్తో ఒక్కో పావునూ ఎత్తడం, దించడం, మీట బదులు మంచం పట్టె మీద కొట్టడం సాధన చేసేవాడు. గ్లాసు ఎత్తమని వైద్యుడు చెబితే ఎత్తలేదు గానీ గుర్రాన్ని ఎత్తాడు. అమ్మకు మావయ్య మీద కోపం తగ్గింది, పులుసులో మామిడి ముక్కలు మళ్ళీ పడ్డాయి. ఒక్క లోటు మాత్రం ఉండేది. గడియారం పక్క కోసం పోట్లాట లేదు. నల్లవి ఎవరికొచ్చినా గడియారం అక్కడే ఉండాలి మరి. ఆడటానికి కూర్చోగానే ఇద్దరూ ఒక్క క్షణం తడుముకునేవాళ్లు, అన్నానికి కూర్చుంటే ఊరగాయ జాడీ కనపడనట్టు.

గడియారం మా ఇంటికి తిరిగొచ్చిన రోజు మాత్రం నేను బతికున్నంతకాలం మర్చిపోను. ఆ రోజు ఆఖరి ఆటలో నల్లవి నాన్నవి. మావయ్య గెలుస్తున్నాడు, మంత్రి కూడా ఎక్కువుంది. అమ్మ మావయ్యకు ఎడమపక్కన టీ గ్లాసు పెట్టి వెళ్లింది. ఆట ముదిరింది, ఇద్దరికీ సమయం దగ్గరపడింది, చేతులు కనపడనంత వేగంగా కదులుతున్నాయి. పాతరోజుల్లో నాన్నకు నల్లవి వస్తే గడియారం మావయ్యకు ఎడమపక్కనే కదా ఉండేది. ఆ వేడిలో మావయ్య చేతికి ఆ పాత అలవాటు గుర్తొచ్చింది. టక్కుమని ఏనుగును దించి, చెయ్యి ఎడమపక్కకు పోనిచ్చి, ఉన్న బలమంతా పెట్టి టీ గ్లాసును నొక్కాడు. టీ ఎగిరి చేతి మీదా, లుంగీ మీదా పడింది. అబ్బా అని చెయ్యి ఊదుకుంటూ, పైకి మాత్రం బింకంగా, ఆడు బావా అన్నాడు. ఆయన ముల్లు కదులుతూనే ఉంది.

నాన్న చూశాడు. గడియారం చూశాడు, బోర్డు చూశాడు. మీట నొక్కలేదని ఎదుటివాడికి చెప్పాలని నియమమేమీ లేదు. ఎడమచెయ్యి గడ్డం కింద పెట్టుకుని, ఎంతో లోతుగా ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాడు. వంకరపోయిన మూతిలో ఒక పక్క మాత్రం పైకి లేచింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మకు విషయం అర్థమై కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను. మావయ్య చెయ్యి ఊదుకుంటూ, ఏం ఆలోచించినా ఏం లేదు బావా అక్కడ అంటున్నాడు. అప్పుడు జెండా పడింది.

"నీ జెండా" అన్నాడు నాన్న.

ఆ తర్వాత జరిగిన గొడవకు పేటలో వాళ్లంతా వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. చెప్పొద్దా అని మావయ్య. నీ గడియారం నువ్వు చూసుకోవాలి, అద్దాలు పెట్టుకో అని నాన్న. మంత్రి ఎక్కువుంది నాకు అని మావయ్య. మంత్రి ఎక్కువైంది, బుర్ర తక్కువైంది అని నాన్న. ఒక్కో మాట అనేసి ఎడమచేత్తో మంచం పట్టె మీద ఫట్టున కొడుతున్నాడు. ఆ దెబ్బ వినపడగానే అమ్మ వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వెళ్లేసరికి కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. కొట్టుకోనీవే, కాసేపు కొట్టుకోనీ అంది. ఆ సాయంత్రం మావయ్య ఖాళీ సంచీతో, చేతికి వెన్న రాసుకుని పాసింజరు ఎక్కాడు. గడియారం రేడియో పక్కన కూర్చుంది.

నాన్న ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు. గెలిచాడు, ఓడాడు, ఓడిందే ఎక్కువ. ఆయన పోయిన వారం గడియారం రేపల్లెలోనే ఉంది. భూస్థాపనకు వచ్చినప్పుడు మావయ్య దాన్ని వెంట తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ దాన్ని ఒకసారి తడిమి, మళ్ళీ సంచీలో ఆమే పెట్టి, "ఆఖరి ఆట మీరేగా గెలిచింది అన్నయ్యా. మీరే తీసుకెళ్లాలి" అంది. అప్పటి నుంచి అది అక్కడే ఉండిపోయింది. అమ్మ కూడా వెళ్లిపోయింది, నేను ఉద్యోగంతో బాపట్లలో స్థిరపడ్డాను. పండగలకు ఫోన్లు తప్ప రాకపోకలు తగ్గాయి.

మొన్న ఆదివారం గుడి నుంచి అటే స్టేషనుకు వెళ్లి, తెనాలిలో బండి మారి, రేపల్లె దిగాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే బండిలో సగంమంది ఫోన్లలో తలలు దూర్చి ఉన్నారు. ఎదురుసీటు కుర్రాడొకడు చదరంగమే ఆడుతున్నాడు, ఎవరితోనో, ఏ దేశంవాడితోనో. ఆట అయిపోగానే ఆ ఎదుటివాడు మాయం, ఇంకొకడు ప్రత్యక్షం. ఆట బాగానే ఆడుతున్నాడు, నాకంటే వేగంగా ఆడుతున్నాడు. కానీ ఓడినప్పుడు తిట్టుకోవడానికి వాడికి ఒక మొహం లేదు, సంచీ వంక చూసేవాళ్లూ లేరు.

మావయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. సన్నబడిపోయాడు. నసీమా ఫోన్ దిండుకు ఆనించి పెడితే అందులో నేను చూసిన ఆ ఇద్దరు గ్రాండ్‌మాస్టర్ల ఆటే చూస్తున్నాడు. నన్ను చూసి ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "ఈ గడియారాల్లో ఎత్తు వేసినప్పుడల్లా కాస్త టైము తిరిగి కలుపుద్దంట, చూశావా? పోయిన టైము తిరిగిచ్చేది గడియారం ఎట్టా అయిద్దమ్మా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. గడియారం కిటికీలో ఉంది. నాన్న పోయాక కూడా ప్రతి ఆదివారం రెండు వైపులా కీ ఇస్తూనే ఉన్నాడట, ఇవ్వకపోతే స్ప్రింగు పట్టేస్తుందని. నేను కీ ఇచ్చాను. రెండు ముఖాలూ నడిచాయి.

ఎన్నేళ్లుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగేశాను. ఆ రోజు టీ గ్లాసు కావాలనే నొక్కారా మావయ్యా అని. ఆయన దిండ్ల మీంచి లేచినంత పనిచేశాడు. చొక్కా చెయ్యి పైకి లాగి ముడతల మధ్య ఎక్కడో మచ్చ కోసం వెతికాడు. "బావకి నేను ఒక్క ఆట కూడా ఇయ్యలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. ఆ ఆట నాది. మంత్రి ఎక్కువుంది నాకు" అన్నాడు. ఇంత కాలం తర్వాత కూడా ఆయన మనసులో అది రగులుతూనే ఉంది. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పాలో తెలియదు. నాన్న గెలుపు నిజమైన గెలుపే.

నసీమా బోర్డు పరిచింది. పిడికిళ్లలో బంట్లు దాచి చూపిస్తే నాకు నల్లవి వచ్చాయి. మావయ్య కుడిచెయ్యి చెరుకాకులా వణుకుతోంది, ఎడమచెయ్యి కాస్త నయం. నేను గడియారం తీసి ఆయన ఎడమచేతి పక్కన పెట్టాను. ఆయన దాని వంక చూసి, తర్వాత నా మొహంలోకి చూశాడు.

"జాలా?"

"నల్లవి నావి మావయ్యా. నా కుడిపక్కన పెట్టుకున్నాను."

బోసినోరంతా తెరిచి నవ్వాడు. ఆట మొదలైంది. వణికే ఎడమచెయ్యి పావుల్ని పడేస్తుంటే, తనే నిలబెట్టుకుంటుంటే, నేను చేతులు ఒళ్లో బిగించి కూర్చున్నాను. వంగకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ రోజు మావయ్య ఆ కష్టమంతా పడి కూర్చున్నాడని కూడా అప్పుడే తెలిసింది. ఆటలో ఒకచోట నాకు ఆటకట్టు కనపడింది. మంత్రిని పక్కకు జరిపితే చాలు. నా చెయ్యి మంత్రి దాకా వెళ్లి ఆగిపోయింది. ఈ వయసులో, ఇన్నేళ్ల తర్వాత, ఒక్క ఆట, ఎవరికి తెలుస్తుంది అనిపించింది. నా ముల్లు నడుస్తోంది.

"కనపడిందిగా" అన్నాడు మావయ్య నెమ్మదిగా. "ఆడమ్మా. నువ్వు బావ కూతురివి."

మంత్రిని జరిపి మీట నొక్కాను. ఆటకట్టు. ఆయన బోర్డు మీదకు వంగి, నిజంగానే దారి లేదని చూసుకుని, రాజును పడుకోబెట్టాడు. తిండికి లేస్తూ నేను గడియారం మళ్ళీ కిటికీలో పెట్టబోతే ఒప్పుకోలేదు. నసీమాను కేకేసి పాత గుడ్డసంచీ తెప్పించాడు, గడియారం అందులో పెట్టించాడు, నా చేతికి తగిలించాడు. నసీమా పెట్టిన చేపల పులుసు తిని, సంచీ భుజానికి వేసుకుని, వెళ్లొస్తాను మావయ్యా అన్నాను. ఆయన గుమ్మం వైపు తిరిగి, ఆ బరువుకు సాగిన సంచీ వంక చూశాడు.

"వచ్చే ఆదివారం తెచ్చెయ్. ఈసారి నల్లవి నావి" అన్నాడు. అనేసి, వణికే ఎడమచేత్తో మంచం పట్టె మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

"నొక్కారుగా" అన్నాను. "వస్తాను."